నల్ల సబ్బుతో ముఖం మండుతుంటే ఓర్చుకోవాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఘానాలో తేమా పోర్టు దగ్గర ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వస్తూ అక్కడి నల్ల సబ్బు పెద్ద ముద్ద ఒకటి తెచ్చాడు. మా అమ్మాయికి 19 ఏళ్లు. బుగ్గల మీద, గడ్డం మీద, వీపు మీద మొటిమలున్నాయి, తగ్గిన చోట నల్ల మచ్చలు పడుతున్నాయి. వీడియోలు చూసి రోజుకు రెండుసార్లు ఆ ముద్దతోనే ముఖం రుద్దుకుంటోంది. వారం దాటింది. ముక్కు పక్కన, నోటి చుట్టూ చర్మం బిగుసుకుపోయి పొట్టు లేస్తోంది. క్రీమ్ రాస్తే మంట. అడిగితే, ‘లోపలి మలినాలు బయటికొస్తున్నాయమ్మా, రెండు వారాలు ఓర్చుకోవాలట’ అంటోంది. ఆన్‌లైన్‌లో ఇంకో నల్ల సబ్బు కూడా తెప్పించింది. అది కారునలుపు, మంచి సెంటు వాసన. తమ్ముడు తెచ్చింది మాత్రం మట్టిరంగు. ఏది అసలుది? మొటిమలు తగ్గుతాయా? రంగు తేలుతుందా? మా అత్తగారికి కాళ్లు పొడిబారి దురద, మడమలు పగుళ్లు. ఆవిడకు వాడొచ్చా? మాది బోరు నీళ్లు. బాత్రూంలో పెట్టిన ముద్ద కరిగి కారిపోతోంది కూడా. – ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం:

ముందు ఒక పని చేయండి, మిగతా కబుర్లు తరవాత. మీ అమ్మాయి ఇవాళ్టి నుంచి ఆ సబ్బు ముఖానికి పెట్టడం మానేయాలి. రెండు వారాలు ఓర్చుకోవడం కాదు, ఇంకొక్క పూట కూడా వద్దు. బిగుతు, పొట్టు, మామూలు క్రీమ్ రాసినా చుర్రుమనడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే చర్మం పైపొర దెబ్బతిన్నట్టే. ఆ పొరలో కణాల మధ్య కొద్దిగా కొవ్వు ఉంటుంది. ఒంట్లోని తడి ఆరిపోకుండా, బయటి ఘాటు లోపలికి దిగకుండా ఆపేది అదే. గాఢమైన సబ్బు జిడ్డుతో పాటు దాన్నీ కడిగేస్తుంది.

‘మలినాలు బయటికి రావడం’ అనే మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. మొటిమలకు డాక్టర్లు రాసే అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి మందులు వాడినప్పుడు మొదటి కొన్ని వారాలు మొటిమలు పెరిగినట్టు కనిపించడం ఉంది. చర్మకణాలు మారే వేగాన్ని అవి మారుస్తాయి కాబట్టి, లోపల తయారవుతున్నవి త్వరగా బయటపడతాయి. సబ్బు అలాంటి పనేమీ చేయదు. నిమిషం సేపు ముఖం మీద ఉండి నీళ్లతో పోయే వస్తువు లోపల ఉన్నదాన్ని ఎక్కడి నుంచి లాగుతుంది? ఈ మాట అమ్మేవాళ్లకు మాత్రం బాగా పనికొస్తుంది. మంట వస్తే కొన్నవాళ్లు సబ్బును తప్పుపట్టరు, తమకే ఓపిక లేదనుకుంటారు.

ఇంకో సంగతి మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. మనలాంటి చామనఛాయ, నల్లటి ఒంట్లో చర్మానికి ఏ చికాకు కలిగినా అది తగ్గుతూ నల్ల మచ్చ వదిలిపెట్టి పోతుంది. మొటిమ వదిలే మచ్చ ఎలాంటిదో, సబ్బు మంట వదిలే మచ్చా అలాంటిదే. మచ్చలు పోవాలని మొదలుపెట్టిన పని కొత్త మచ్చలు తెచ్చిపెట్టకూడదు కదా.

ఒక పది, పదిహేను రోజులు ముఖానికి ఏ ప్రయోగమూ వద్దు. పొద్దున ఉత్త నీళ్లు చాలు. సాయంత్రం సువాసన లేని, నురగ పెద్దగా రాని మెత్తటి క్లెన్సర్. తడి ఆరకముందే సాదా మాయిశ్చరైజర్. అదీ మండుతుంటే పొట్టు లేచిన చోట పెట్రోలియం జెల్లీ పలచగా. బయటికి వెళ్తే సన్‌స్క్రీన్. నిమ్మరసం, టమాటా ముక్క, శనగపిండితో రుద్దుడు, అన్నిటికీ సెలవు. రెండు వారాల్లో మంట తగ్గకపోయినా, నీరు కారినా, వాపు వచ్చినా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

ఇక సబ్బు సంగతి. మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లు ఘానాలోని కుమాసీలో ఉన్నాం కాబట్టి ఇది తయారయ్యే చోటు దగ్గరగా చూశాను. అక్కడ దీన్ని ‘అలాటా సమీనా’ అంటారు. నైజీరియాలో యోరుబా వాళ్లది ‘ఒసే దుదు’. ఒకే కుటుంబం సబ్బులే గానీ ఊరికో పాళం, ఇంటికో చేయి. కుమాసీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు కోకో కాయల డిప్పలు, కూర అరటి తొక్కలు ఎండబెట్టి కాలుస్తారు. ఆ బూడిదను జల్లించి నీళ్లలో నానబెడతారు. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాలో ఆ బూడిద పోసి, పైనుంచి నీళ్లు పోస్తే కింద టీ డికాషన్ రంగులో చుక్కచుక్కగా దిగుతుంది. దాన్ని చిక్కబడేదాకా కాచి, పామ్ గింజల నూనె పోసి, మనిషంత పొడుగు కర్రతో గంటల తరబడి కలుపుతారు. ఒకరి చెయ్యి నొప్పి పుడితే ఇంకొకరు అందుకుంటారు. నూనె, బూడిదనీరు కలిసి ముద్ద కట్టాక పైకి తేలిన సబ్బును చట్టితో తీసి కొన్నాళ్లు ఆరబెడతారు. దగ్గర నిలబడితే పొగ వాసన, కాలిన నూనె వాసన చీరకు పట్టి రెండు ఉతుకులకు గానీ పోదు.

మన ఏలూరు, అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ తోటలు చూసినవాళ్లకు ఈ నూనె కొత్త కాదు. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికాయే. పండు గుజ్జు నుంచి వచ్చేది పామాయిల్, లోపలి గింజ నుంచి వచ్చేది ఇంకో నూనె. ఈ గింజల నూనె కొబ్బరినూనెకు దగ్గరి చుట్టం, రెండిట్లోనూ సగం దాకా లారిక్ అనే కొవ్వు ఆమ్లమే. లారిక్ ఎక్కువున్న నూనెతో చేసిన సబ్బు చటుక్కున నురగనిస్తుంది, జిడ్డును పట్టి లాగేస్తుంది. అదే దాని బలం, అదే మీ అమ్మాయి ముఖం మీద చూపించిన ప్రతాపం.

బూడిదలో పనిచేసేది పొటాష్, అంటే పొటాషియం క్షారం. మామూలు సబ్బుల్లో వాడేది సోడియం క్షారం, అందుకే అవి గట్టిగా బిళ్లల్లా నిలుస్తాయి. పొటాషియంతో చేసిన సబ్బు స్వతహాగా మెత్తన, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మీ బాత్రూంలో ముద్ద కరిగి కారడానికి కారణం ఇదే, సబ్బు పాడైందని కాదు. మొత్తం ముద్దను బాత్రూంలో పెట్టొద్దు. వారానికి సరిపడా గోలీలు చేసి చిన్న డబ్బాలో పెట్టుకుని, మిగతాది గాలి తగలకుండా కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి. పైన తెల్లగా పొర కట్టినా కంగారు పడొద్దు. కొందరు నీళ్లలో కరిగించి సీసాల్లో నిల్వ పెడతారు. ఆ పని వద్దు. నీళ్లు కలిపాక అందులో సూక్ష్మజీవులు చేరతాయి, వాటిని ఆపే మందు ఇంట్లో ఉండదు. కావాలంటే రెండు మూడు రోజులకు సరిపడా కలుపుకోండి.

ఇప్పుడు అసలు, నకిలీ. మీ తమ్ముడు తెచ్చిన మట్టిరంగు ముద్దే పల్లె పద్ధతిలో చేసినదానికి దగ్గర. పేరుకు నల్ల సబ్బే గానీ రంగు లేత గోధుమ నుంచి ముదురు కాఫీపొడి రంగు దాకా ఎలాగైనా ఉంటుంది. బూడిద ఎంత కాలింది, ఏ తొక్క ఎంత పడింది, ఎంతసేపు కాచారు, దాన్ని బట్టి. పాత బెల్లం దిమ్మలా గరుకుగా, గిల్లితే పొడి రాలేటట్టు, మధ్యలో నలుసులు కనిపించేటట్టు ఉంటుంది. వాసన మట్టి, పొగ. అచ్చులో పోసినట్టు నున్నగా, కారునలుపుగా, సెంటు కొట్టే బిళ్లలో రంగో బొగ్గుపొడో కలిపి ఉండే అవకాశం ఎక్కువ. అది విషమని కాదు, మామూలు సబ్బుకు నల్లరంగు వేసి రెండింతల ధరకు అమ్మి ఉండొచ్చు. అట్ట మీద పదార్థాల జాబితా చదవండి. అసలు జాబితాయే లేకపోతే ఒంటికి కూడా వద్దు.

అట్ట మీద ఇంకో గొప్ప కనిపిస్తుంది. అరటితొక్కలోని విటమిన్ ఎ, విటమిన్ ఇ చర్మానికి పోషణ ఇస్తాయని. అరటితొక్కను కాల్చి బూడిద చేశాక అందులో విటమిన్లు ఎక్కడుంటాయండీ? మిగిలేవి పొటాష్, ఇంకొన్ని ఖనిజాలు. ‘వేల ఏళ్ల రహస్యం’ అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. అరటితొక్క, తాటిజాతి చెట్ల బూడిదతో సబ్బు వండటం పాత విద్యే. కోకో డిప్పల ముచ్చట మాత్రం అంత పాతది కాదు. టెట్టె క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి నాటింది 1879లో. ఘానాలో కోకో తోటలు విస్తరించింది ఆ తరవాతే. గింజలు తీసుకున్నాక తోటల్లో గుట్టలుగా మిగిలిన డిప్పలను పారేయకుండా సబ్బులోకి మళ్లించిన ఆడవాళ్ల తెలివి నాకు ఈ రహస్యాల కథలకన్నా గొప్పగా అనిపిస్తుంది.

మొటిమల దగ్గరికి వద్దాం. మొటిమ మురికి వల్ల రాదు. హార్మోన్ల ప్రభావంతో నూనె గ్రంథులు ఎక్కువ పనిచేయడం, రంధ్రం మూసుకుపోవడం, లోపల బ్యాక్టీరియా పెరగడం, వాపు రావడం, ఇదీ వరస. సబ్బు ఇందులో పైకి చేరిన నూనెను మాత్రమే కడుగుతుంది. మొటిమల మందులకు జరిగినంత పరీక్ష నల్ల సబ్బుకు జరగలేదు. జిడ్డు చర్మం ఉన్న కొందరికి దీనితో హాయిగా ఉంటుంది, అది నిజమే. అక్కడి జనం ఒళ్లు రుద్దుకోవడానికి దీన్ని తరతరాలుగా వాడుతున్నారు, ‘సపో’ అనే పీచుతో రుద్ది శుభ్రంగా స్నానం చేస్తారు. ఒంటి సబ్బుగా అది మంచి సబ్బు. మొటిమల మందు అని పేరు పెట్టడమే అతి.

మీ అమ్మాయి వీపుకు మాత్రం వాడి చూడొచ్చు. వీపు చర్మం మందం. ముఖం మీది మంట పూర్తిగా తగ్గాకే మొదలుపెట్టాలి. ముందు మోచేతి లోపలి వైపు రెండు మూడు రోజులు రాసి కడిగి చూసుకోవాలి. ఎర్రబడకపోతే వారానికి రెండు మూడుసార్లు. ముద్దతో నేరుగా ఒంటి మీద రుద్దొద్దు. చేత్తో చేసిన సబ్బులో బూడిద నలుసులు ఉంటాయి, గీసుకుంటాయి. గోలీకాయంత గిల్లి, తడి అరచేతుల్లో నలిపి నురగ చేసి, ఆ నురగ మాత్రమే రాయాలి. నిమిషం లోపే కడిగేయాలి. కళ్లలో పడితే మామూలు సబ్బుకన్నా ఎక్కువ మండుతుంది. అప్పుడే గీసిన చర్మం మీద, పుండు మీద, వ్యాక్స్ చేయించుకున్న రోజున వద్దు. డాక్టరు రాసిన మొటిమల మందు రాస్తున్న చోట అస్సలు వద్దు. ఆ మందులే చర్మాన్ని ఆరబెడతాయి, పైన ఈ సబ్బు పడితే ఓర్చుకోలేరు.

మీ బోరు నీళ్ల మాట రాయడం మంచిదైంది, చాలామంది రాయరు. సబ్బు ఏదైనా, కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున కనిపించే జిగురు పొర అదే, ఒంటి మీదా నిలుస్తుంది. నురగ రావట్లేదని ఇంకాస్త సబ్బు తీసుకుంటాం, ఇంకాస్త తెట్టు మిగులుతుంది. పైగా సబ్బు పీహెచ్ (క్షారగుణం ఎంతో చెప్పే అంకె) 9, 10 దాకా పోతుంది, మన చర్మానిది 5 చుట్టుపక్కల. బూడిదనీటితో చేసిన సబ్బులో క్షారం మోతాదు ఒక వండకానికీ ఇంకోదానికీ ఒక్కలా ఉండదు. ఉప్పల్ బోరు నీళ్లతో, వారం రోజులు, పూటకోసారి అంటే ముఖం అలా కావడంలో ఆశ్చర్యం లేదు. వీపు కడిగాక చివరి చెంబులు మున్సిపల్ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోసుకోమనండి. జుట్టుకు కూడా వాడమని వీడియోల్లో చెప్తారు. బోరు నీళ్లున్న ఇంట్లో ఆ ఆలోచనే వద్దు, వెంట్రుకలు పీచుగా తయారవుతాయి. కుంకుడుకాయ సబ్బు కాదు కాబట్టి దానికి ఈ తెట్టు బాధ లేదు.

రంగు తేలడం గురించి అడిగారు. సబ్బుతో రంగు తేలదు. జిడ్డు పోయి కాసేపు ముఖం తేటగా కనిపిస్తే అదే రంగనుకుంటాం. ‘తెల్లబరుస్తుంది’ అని రాసి ఉన్న నల్ల సబ్బు దొరికితే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. పశ్చిమాఫ్రికాలో చర్మం తెల్లబరిచే సరుకు పెద్ద వ్యాపారం, పెద్ద బెడద కూడా. హైడ్రోక్వినోన్ కలిసిన సౌందర్య సాధనాలను ఘానా ప్రభుత్వం 2016లో నిషేధించింది. పాదరసం కలిపినవీ దొంగతనంగా తిరుగుతూనే ఉంటాయి, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన దగ్గర తక్కువేం కాదు, మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులతో ముఖాలు పాడుచేసుకున్న ఆడపిల్లలు ఎంతమందో. మొదటి వారం నిగారింపు, ఆరు నెలలకు ఎర్రటి నరాలు, మళ్లీ మొటిమలు.

మచ్చలు తగ్గాలంటే ముందు కొత్త మొటిమలు రావడం ఆగాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి. డాక్టరు అజిలాయిక్ ఆమ్లమో, అడాపలీనో, బెంజాయిల్ పెరాక్సైడో రాస్తారు. ఏదైనా ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మచ్చలకు ఇంకా ఎక్కువ. మీ అమ్మాయి ఓపికంతా దాచిపెట్టుకోవాల్సింది ఇక్కడ. నెలసరి సరిగ్గా రాకపోవడం, గడ్డం కింద వెంట్రుకలు రావడం లాంటివి ఉంటే గైనకాలజిస్టును కూడా కలవండి, పీసీఓడీలో (అండాశయాలు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఇలా గడ్డం మీద మొటిమలు వస్తుంటాయి. లోతుగా గడ్డల్లాంటివి వచ్చి గుంటలు పడుతుంటే ఆలస్యం చేయొద్దు, ఆ గుంటలు తరవాత ఏ క్రీమ్‌తోనూ పూడవు.

ఈ ఉత్తరం చదివి మన గోదావరి జిల్లాల్లోనూ కోకో, ఆయిల్‌పామ్ రెండూ ఉన్నాయి కదా, ఇంట్లో చేసి చూద్దామని ఎవరికైనా ఉబలాటం పుట్టొచ్చు. వద్దు. చిక్కబడిన బూడిదనీరు కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. కుమాసీ ఆడవాళ్లు చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న పని అది.

మీ అత్తగారికి ఈ సబ్బు ఇవ్వకండి. పెద్ద వయసులో చర్మంలో నూనె తగ్గిపోతుంది, ఆవిడ దురదకు చాలావరకు కారణం అదే అయి ఉంటుంది. ఇప్పుడున్న సబ్బు కూడా చంకలకు, గజ్జలకు, పాదాలకే వాడి మిగతా ఒంటికి ఉత్త గోరువెచ్చని నీళ్లు పోసుకోమనండి. స్నానమయ్యాక తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెగానీ పెట్రోలియం జెల్లీగానీ రాయాలి. మడమలకు యూరియా ఉన్న క్రీమ్ బాగా పనిచేస్తుంది. ఆవిడకు షుగర్ ఉంటే పగుళ్లకు ఇంటి వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించండి, చిన్న పగులే పుండవుతుంది. దురద రాత్రిళ్లు ఎక్కువైనా, ఇంట్లో ఇంకొకరికి కూడా మొదలైనా అది పొడి చర్మం కాకపోవచ్చు, గజ్జి కూడా కావచ్చు.

మీ తమ్ముడు మళ్లీ వచ్చేటప్పుడు సబ్బు బదులు షియా వెన్న తెమ్మనండి. ఘానా ఉత్తరాన తమాలే వైపు షియా చెట్లు వాటంతటవే పెరుగుతాయి, రాలిన పండ్లు ఏరి, గింజలు వేయించి, నూరి, చేత్తో మథించి ఆడవాళ్లే తీస్తారు. లేత పసుపు రంగులో గడ్డకట్టి ఉంటుంది, కాస్త పొగ వాసన. రంగు, సెంటు కలపనిది అడగమనండి. రాత్రి పడుకునే ముందు వేళ్ల మధ్య కరిగించి మడమలకు రాసి, మేజోళ్లు తొడిగితే మీ అత్తగారికి హాయిగా ఉంటుంది. జారిపడే ప్రమాదం ఉంది కాబట్టి రాసుకున్నాక లేచి తిరగొద్దని మాత్రం చెప్పండి.